ఆదివారం లోపు నీకు చెప్పేయాలి

నరిటా, జపాన్,
గురువారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయనందుకు క్షమించరా. ఉద్యోగం బాగానే ఉంది, అమ్మ మోకాలు కాస్త నయం. మిగతావి తర్వాత.

నన్ను చేర్చుకుంటామన్నారు! కటోరి షింతో ర్యూలో! 15వ శతాబ్దం నాటి కత్తివిద్య. దాన్ని మొదలుపెట్టిన ఈజాసా చోయిసాయి 60 ఏళ్లు దాటాక కటోరి గుడిలో 1000 రోజులు దీక్ష పట్టాడని చెబుతారు. పోయిన వారం సవారా దాకా రైల్లో వెళ్లి ఆ గుడి చూసొచ్చా. పెద్ద చెట్ల కింద నిలబడితే మన 41 రోజుల అయ్యప్ప దీక్ష గుర్తొచ్చింది. 12వ రోజు పెరుగన్నం... సరే, అది మనిద్దరి మధ్యే ఉండనీ.

మూడు నెలలుగా ప్రతి శనివారం వెళ్లి గోడ పక్కన కూర్చుని చూస్తున్నా. వాళ్లు కూర్చునే సేజా అచ్చం మన వజ్రాసనమే. ఇంట్లో రోజూ అరగంట అలాగే కూర్చుంటున్నా. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెక్క కత్తులతో కటా, అంటే ముందే కూర్చిన దెబ్బల వరుస, మొదలుపెడితే ఇక ఆగరు, అంత పొడవు. కవచం తొడుక్కున్నవాడి మీద వాడే విద్య కదా, మెడ, చంక, మణికట్టు లోపలి వైపు, కవచం కప్పని చోటే చూసి వేస్తారు. పోటీల్లేవు, బెల్టుల్లేవు. మన తాటిమట్ట యుద్ధాలు, నీ నుదుటి మీద మూడు కుట్లు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి రా.

మాస్టారు ఒక్కటే అడిగారు, "ఎన్నాళ్లు ఉంటావు?" అని. ఉన్నన్నాళ్లూ వస్తానన్నా. తలూపారు.

ఆదివారం కెప్పన్. అంటే వేలికి గాటు పెట్టి, ప్రమాణపత్రంలో నా పేరు దగ్గర రక్తంతో ముద్ర వేయాలి. జూదం ఆడకూడదు, కాబట్టి సంక్రాంతికి నన్ను కోడిపందాలకి పిలవకు. అనుమతి లేకుండా వేరే విద్యవాళ్లతో కత్తి కలపకూడదు. ఇవి సరే. నేర్చుకున్నది బయటివాళ్లకి చెప్పకూడదు, అయినవాళ్లకైనా సరే. ఇది చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చావు. ఆరో తరగతి నుంచి నీకు చెప్పనిది ఒక్కటీ లేదు. అందుకే ఇంత రాత్రి కూర్చుని, చెప్పగలిగినంతా...

భయమా అంటే కాదు. ఎలా చెప్పాలి, పెళ్లికి ముందు రోజు మీ అన్నయ్య అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడే, అలా.

కింద వాషింగ్ మెషిన్ ఆగింది. సాధనకి వేసుకునే వదులు లాగు, కొత్త హకామా, అందులోనే ఉంది, నీలం రంగు దిగుతోంది, వెంటనే ఆరేయాలి. ఉంటా.

నీ
రాజు