టీవీ స్టేషను నలభై ఏళ్ళ ప్రదర్శన: జమా ఖర్చుల వివరణ

దాతలకు, ఊరి పెద్దలకు, రెండు రోజులూ పనిచేసిన కుర్రాళ్ళకు నమస్కారం. మన ఊరికి దూరదర్శన్ టీవీ స్టేషను వచ్చి నలభై ఏళ్ళయిన సందర్భంగా 2025 డిసెంబరు 20, 21 తేదీల్లో లైబ్రరీ హాల్లో పెట్టిన ప్రదర్శన లెక్క ఇది. నెలలోపు చెబుతామన్నాం. ఆలస్యమైంది, తప్పు నాదే.

ముందు జమ. రెండు రసీదు పుస్తకాల మీద వచ్చిన చందాలు రూ. 61,350. ఫోన్‌పే ద్వారా రూ. 38,700. హాలు గుమ్మం దగ్గర పెట్టిన హుండీలో రూ. 9,415. మొత్తం రూ. 1,09,465. అమెరికాలో స్థిరపడిన మన ఊరి వాళ్ళు ఇద్దరు పెద్ద మొత్తాలే పంపుతామన్నారు. వాళ్ళు అక్కడి పౌరసత్వం తీసుకున్నారు కాబట్టి అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, అందుకు వేరే రిజిస్ట్రేషను ఉండాలి, అది లేని మనలాంటి కమిటీ తీసుకోకూడదు. వద్దన్నందుకు నొచ్చుకున్నారు. వాళ్ళు కోపంగా ఉన్నా ఫర్వాలేదు గానీ ఆ చిక్కు మనకొద్దు.

మొత్తం జమలో రూ. 30,000 కథ వేరే. పన్నెండు మంది తలా రూ. 2,500 ఇచ్చి, ‘ఇది ట్రాన్స్‌మిటరు తేవడానికే’ అని రసీదు మీద రాయించుకున్నారు. అదేమిటో కుర్రాళ్ళ కోసం చెప్పాలి. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్ళాక, ఆ మరుసటి ఏడాది నుంచి దూరదర్శన్ దేశమంతటా చిన్న చిన్న ప్రసార కేంద్రాలు గబగబా పెట్టుకుంటూ పోయింది. మనకు 1985లో వచ్చింది. లో పవర్ ట్రాన్స్‌మిటరు, శక్తి 100 వాట్లు. అప్పట్లో వరండాలో వెలిగే బల్బూ అంతే. ఆ వంద వాట్లతోనే చుట్టూ పదిహేను, ఇరవై కిలోమీటర్ల దాకా బొమ్మ వచ్చేది. పెద్ద డిష్షు ఉపగ్రహం నుంచి అందుకునేది, టవరు తిరిగి వదిలేది. ఇక్కడ సొంతంగా తీసిన కార్యక్రమం ఒక్కటీ లేదు. ఆ సంగతి జనానికి తెలియదు. గేదె తప్పిపోయిందని, కాస్త టీవీలో చెప్పమని ఒకాయన స్టేషను గేటు దగ్గర పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నాడని, రిటైరైన ఉద్యోగి ఒకరు సభలో చెబితే హాలంతా నవ్వింది.

కేబుల్ వచ్చి, తర్వాత నెల నెలా డబ్బు కట్టక్కర్లేని ఫ్రీ డిష్ వచ్చి, ఇళ్ళ మీద యాంటెన్నాలు పోయాయి. ఇలాంటి కేంద్రాలు విడతల వారీగా మూతపడ్డాయి. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి 2021-22లో మిగిలినవీ ఆపేసి, వ్యూహాత్మక ప్రాంతాల్లో మాత్రం కొన్ని ఉంచింది. బీరువా అంత ఉండే మన ట్రాన్స్‌మిటరును ప్రదర్శనకు అడిగాం. ప్రభుత్వ సామాను, పద్ధతి ప్రకారం వేలంలోనే పోవాలన్నారు. న్యాయమే. తేలేని వస్తువు పేరున తీసుకున్న డబ్బు మన దగ్గర ఉండకూడదని కమిటీలో నేను పట్టుబట్టాను. ‘ఎవరడుగుతారు?’ అన్నవాళ్ళూ ఉన్నారు. పన్నెండు మందికీ ఫోన్ చేశాను. తొమ్మిది మంది వెనక్కి తీసుకున్నారు, రూ. 22,500. ముగ్గురు ప్రదర్శనకే వాడుకోమని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితాలు ఫైల్లో ఉన్నాయి.

ఇక ఖర్చు. హాలు అద్దె రూ. 6,000. షామియానా, కుర్చీలకు రూ. 11,200. మాట్లాడుకున్నది 9,700కే. రెండో రోజు సాయంత్రం సామాను ఎక్కించే ముందు ఇంకో 1,500 అడిగి పట్టుకెళ్ళారు, దానికి బిల్లు లేదు. ఫ్లెక్సీలు, ఫోటోలకు ఫ్రేములు రూ. 14,860. కరపత్రాలు, రసీదు పుస్తకాలు రూ. 3,600. ట్రాలీ ఆటోలు రూ. 4,150. జనరేటరు డీజిల్ రూ. 2,900. స్టేషనులో పనిచేసిన వారికి శాలువాలు రూ. 4,200. టీ, టిఫిన్లు, భోజనాలు రూ. 13,480. ఇది ఎక్కువేనని నాకూ అనిపించింది. రెండో రోజు ఉప్మా మిగిలింది కూడా.

పాత టీవీల రిపేరు రూ. 9,350. దీని మీద ప్రశ్నలొచ్చాయి కాబట్టి వివరం. ఏడు సెట్లు వస్తే మూడే బతికాయి. చెక్క షట్టరున్న ఈసీ టీవీకి ఈహెచ్‌టీ, అంటే పిక్చర్ ట్యూబుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు, కాలిపోయింది. హైదరాబాదులోని ప్రభుత్వ కంపెనీ ఈసీఐఎల్‌లో తయారైన సెట్టు అది, దాన్ని మూలన పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. మెకానిక్ ఇంకో చచ్చిన సెట్టులోంచి భాగం తీసి వేశాడు. ఆ ఒక్కదానికే రూ. 4,800 అయింది. వెలిగి, గీతలు సర్దుకుని బొమ్మ నిలబడగానే ఎవరో పెద్దాయన అలవాటుకొద్దీ పైన ఒక్కటి చరిచాడు.

మోడ్యులేటరు రూ. 3,200. ఫోన్లోని వీడియోను పాత సెట్టుకు అర్థమయ్యేలా మార్చే డబ్బా. వైరు ద్వారానే ఇచ్చాం, గాల్లోకి వదల్లేదు. లైసెన్సు లేకుండా అలా ప్రసారం చేయడం నేరం. యాంటెన్నా, ఇనప పైపు, ఫ్లాట్ వైరుకు రూ. 2,740. ఆ యాంటెన్నా దేనికీ తగిలించి లేదు, ఊరికే చూడ్డానికి పెట్టాం. అయినా రెండు రోజులూ పైపు పట్టుకుని తిప్పి, ‘ఇప్పుడు వచ్చింది చూడు’ అని వాదించినవాళ్ళున్నారు. అందులో మా అధ్యక్షులవారూ ఒకరు.

వాపసు ఇచ్చిన రూ. 22,500 కలుపుకుని మొత్తం ఖర్చు రూ. 98,180. నిల్వ రూ. 11,285, బ్యాంకులో ఉంది. దీంతో ఫ్రేములన్నీ లైబ్రరీలోనే ఉండేలా గోడకు అద్దాల బీరువా చేయిద్దామని ఒక మాట, వెనక్కి పంచేద్దామని ఇంకో మాట వచ్చాయి. సభ్యులందరూ కూర్చునే దాకా రూపాయి తీయం. రసీదు పుస్తకాల అడుగు కాగితాలు, బిల్లులు లైబ్రేరియన్ గారి దగ్గర పెట్టాను. ఏ ఆదివారమైనా పొద్దున పది నుంచి పన్నెండు దాకా వచ్చి చూసుకోవచ్చు. రసీదు నెం. 87 కొట్టేసి ఉంటుంది, పేరు తప్పు రాసి రద్దు చేశాం. మళ్ళీ రాసింది 88.

టీవీలు ఇచ్చినవాళ్ళు తీసుకెళ్ళారు. ఒక సాలిడేరు కంపెనీ సెట్టు మాత్రం హాల్లోనే ఉంది. వెనక అట్ట మీద సుద్దతో ‘మేడ మీద గది’ అని రాసుంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి.

కోశాధికారి