బల్లుల జత కొనే ముందు కీచురాళ్లు పెంచి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

"మామా, నువ్వు కువైట్‌లో బల్లులు మేపినావంట గదా, వాటితో దుడ్లు వస్తాయా?" అని మా అక్క కొడుకు పోయిన నెల ఫోన్ చేశాడు. డిగ్రీ చదువుతున్న పిల్లోడు. ఫోన్లో ఎవరో లెపర్డ్ గెక్కోల (ఒంటి మీద చిరుతలా మచ్చలుండే పెంపుడు బల్లుల) జత చూపించి, బస్సు పార్సిల్లో పంపిస్తాం, గుడ్లు పెట్టించండి, పిల్లల్ని తిరిగి మేమే కొంటాం అన్నారట. వాడి క్లాసులో ఇంకో ఇద్దరు కూడా ఇదే ఆలోచనలో ఉన్నారని తెలిసి, వాడికి చెప్పిన నాలుగు మాటలు మీ పేజీలో వస్తే మంచిదనిపించింది.

నేను 11 ఏళ్లు కువైట్‌లో హౌస్ డ్రైవర్‌గా చేసి ప్రొద్దుటూరుకు తిరిగొచ్చాను. మా కఫీల్ (నన్ను పనిలో పెట్టుకున్న యజమాని) చిన్న కొడుక్కి ఈ బల్లుల పిచ్చి. కాలేజీకని వేరే దేశం పోతూ వాటిని నాకు అప్పగించాడు. డ్రైవర్ పనికి తోడు బల్లుల కాపరి పని, జీతం మాత్రం పెరగలేదు. మొదట్లో ముట్టుకోవడానికే ఒళ్లు జలదరించేది. మా అమ్మకు చెబితే, బల్లి మీద పడితేనే పంచాంగం తీసి చూస్తాం, నువ్వు చేత్తో పట్టుకుంటావా అంది. ఇది మీద పడే రకం కాదమ్మా, దీని వేళ్లకు గోడ పట్టుకునే మెత్తలు లేవు, నేల మీదే తిరుగుతుంది అని సర్దిచెప్పాను. దీనికి కనురెప్పలు కూడా ఉంటాయి. మన ఇంటి బల్లికి ఉండవు. తిన్నదంతా తోకలో కొవ్వుగా దాచుకుంటుంది, తోక లావుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. చక్కగా చూసుకుంటే 15, 20 ఏళ్లు బతుకుతుంది. ఈ లెక్క కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. మా పిల్లోడు ఈ రోజు కొంటే, వాడి కొడుకు హైస్కూలుకు పోయేదాకా అది ఆ పెట్టెలోనే ఉంటుంది.

గుడ్ల సంగతికొస్తే, చూడముచ్చటైన పనే. కాదనను. ఆడదాన్ని గాజు మీద నిలబెట్టి కింద నుంచి చూస్తే పొట్ట చర్మం లోంచి రెండు గుడ్లూ తెల్లగా కనపడేవి. తడి నాచు పెట్టిన డబ్బాలో దూరి, రాత్రంతా తవ్వి, తెల్లారేసరికి పెట్టి కప్పేసేది. ప్రతిసారీ రెండే. మన బల్లి గుడ్డు చాక్‌పీసులా గట్టిగా ఉంటుంది, ఇది తోలులా మెత్తన. తీసేటప్పుడు పైవైపు పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టాలి, ఎందుకంటే కోడిగుడ్డులాగా దీన్ని తిప్పకూడదు. తిప్పితే లోపల పిండం పోతుంది. వారం పది రోజులయ్యాక చీకట్లో ఫోన్ లైటు ఆనించి చూస్తే లోపల గులాబీ రంగులో సన్నటి ఎర్ర నరాలు. మొదటిసారి చూసినప్పుడు ఆ రాత్రి ఇంటికి వీడియో కాల్ చేసి మరీ చూపించాను.

ఇంకో వింత. పుట్టేది ఆడదా మగదా అన్నది వేడిని బట్టి ఉంటుంది. గుడ్లు 27 డిగ్రీల దగ్గర ఉంటే దాదాపు అన్నీ ఆడవి, 32 దగ్గర ఎక్కువగా మగవి. రెండు మగవి ఒక పెట్టెలో ఇమడవు, చచ్చేట్టు కొట్టుకుంటాయి. అందుకని కఫీల్ కొడుకు 27 మీదే పెట్టించేవాడు. ఆడపిల్లలే కావాలని పట్టుబట్టిన మనిషిని నేను అక్కడే చూశాను.

ఇక్కడే మన ఊరి చిక్కు. కువైట్ ఎండ మన ఎండకంటే పెద్దదే, కానీ ఆ ఇంట్లో రాత్రీ పగలూ ఏసీ. గది చల్లగా ఉండేది కాబట్టి గుడ్ల పెట్టెకు కాస్త వేడి ఇస్తే సరిపోయేది. ప్రొద్దుటూరులో మే నెల మధ్యాహ్నం రేకుల ఇల్లు ఎలా ఉంటుందో ప్రత్యేకంగా చెప్పాలా? ఇంక్యుబేటర్, అంటే గుడ్లు పొదిగే పెట్టె, వేడి చేయగలదు గానీ, మామూలు రకం చల్లబరచలేదు. గది 40కి పోతే పెట్టె కూడా 40కి పోతుంది, గుడ్లు ఉడికినట్టే. వీడియోల్లో హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పట్ట) కొనండి అని చెప్పేవాళ్లంతా చలి దేశాల వాళ్లు. మనకు కావాల్సింది మ్యాట్ కాదు, కరెంటు పోయినా ఆగని చల్లదనం. క్రెస్టెడ్ గెక్కో అని ఇంకోటి చూపిస్తున్నారట, ముద్దుగా ఉంటుంది. అది న్యూ కాలెడోనియా దీవులది. 1994లో మళ్లీ దొరికేదాకా అంతరించిందనే అనుకున్నారు. 28 డిగ్రీలు దాటితేనే అల్లాడిపోతుంది. దాన్ని కడప జిల్లాకు తేవడం పాపం.

రెండోది తిండి. ఇవి చచ్చిన పురుగు వైపు కన్నెత్తి చూడవు, కదిలేదే కావాలి. కీచురాళ్లు, మీల్‌వార్మ్స్ అనే పిండి పురుగులు. లెక్క వేయండి. ఒక ఆడది ఒక సీజన్లో ఆరుసార్లు పెట్టిందనుకుంటే 12 పిల్లలు. కలిపి ఉంచితే ఒకదాని తోక ఒకటి కొరుకుతాయి (నేను ఉంచాను, రెండు తోకలు పోయాయి), కాబట్టి 12 డబ్బాలు. ఒక్కో పిల్లకు రోజుకు ఆరు చిన్న కీచురాళ్లు వేసినా 72, నెలకు రెండు వేలు దాటతాయి. అక్కడైతే షాపులో డబ్బాల్లో దొరికేవి. ఇక్కడ? పొలంలో మిడతలు పట్టి వేస్తానంటాడు మావాడు. పత్తి చేలో మనం కొట్టే మందులు తెలిసీ ఆ మాట అనొచ్చా?

ఆ పురుగులకు కాల్షియం, విటమిన్ డీ3 పొడి అద్ది వేయాలి. మొదటి ఏడాది నాకు ఆ పొడి విలువ తెలియక, డబ్బా అయిపోయాక మూడు నెలలు ఊరికే ఉన్నాను. గుడ్లు పెట్టే ఆడది తన ఎముకల్లోంచే కాల్షియం తీసి గుడ్డుకు ఇస్తుందట. దాని ముందు కాళ్లు విల్లులా వంగిపోయాయి. నడుస్తుంటే పొట్ట నేలకు రాసుకునేది. డాక్టర్ మందిచ్చాడు, బతికింది, కాళ్లు మాత్రం చక్కబడలేదు. అలాంటిదాన్ని మన ఊళ్లో ఎవరికి చూపించాలి? గేదెలు, గొర్రెలు చూసే డాక్టరు బల్లిని తెస్తే ఏమంటాడో!

ఇసుక పరచకండి, మింగితే పేగులకు అడ్డం పడుతుంది. పేపరు చాలు. నేను వేసింది అరబ్బీ పేపరే లెండి, మీది కాదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వీటి ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉంటాయి.

చట్టం మాట. ఫారిన్ బల్లికి రూల్స్ లేవని ఆ అమ్మేవాళ్లు అన్నారట. లెపర్డ్ గెక్కో మన దేశపు వాయవ్య మూలన అడవిలో కూడా ఉన్న జాతి, దాని దగ్గరి బంధువులు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దేశాల మధ్య వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం జాబితాలోని విదేశీ జంతువులు ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైట్‌లో నమోదు చేయాలని, పిల్లలు పుట్టినా తెలపాలని 2024లో నిబంధనలు వచ్చాయి. కాబట్టి డబ్బు కట్టకముందే శాస్త్రీయ నామం కాగితం మీద రాయించుకుని అటవీ శాఖ ఆఫీసులో అడగాలి. రాసివ్వనంటే బేరం అక్కడితో ఆపేయాలి. అడవిలో ఊరికే దొరుకుతాయి గదా అని నక్షత్ర తాబేలునో, ఉడుమునో, శేషాచలం బంగారు బల్లినో తెచ్చుకుంటే జైలే. నువ్వే కువైట్ నుంచి బల్లుల్ని బ్యాగులో తెచ్చి ఉండాల్సింది అని నాతో అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లకు నేను జవాబు చెప్పలేదు.

"పిల్లల్ని మేమే కొంటాం" అన్న మాట మన రైతులకు కొత్త కాదు. ఈము పక్షుల్ని ఇదే మాట చెప్పి అంటగట్టారు. కొనేవాళ్లు మాయమయ్యాక మేత ఖర్చు ఎవరి నెత్తిన పడిందో ఊరూరా తెలుసు.

పెంచొద్దని చెప్పడం లేదు. అన్నీ సరిగ్గా ఉంటే ఒక్కటి తెచ్చుకోండి, జత వద్దు. ఎండాకాలం ఒకటి దాటించండి. ఆడదైతే ఏడాది నిండి, 50 గ్రాముల బరువు వచ్చాకే గుడ్ల మాట. మీ పత్రిక కూడా వింత పెంపుడు జంతువుల గురించి రాసినప్పుడు, ఫోటోతో పాటు ఈ తిండి, ఎండ, చట్టం సంగతులు ఒక పేరా వేస్తే బాగుంటుంది.

మా అల్లుడికి నేనొక పరీక్ష పెట్టాను. ముందు మూడు నెలలు ప్లాస్టిక్ టబ్బులో కీచురాళ్లు పెంచి చూపించు, చావకుండా పిల్లలు పెట్టించగలిగితే అప్పుడు బల్లి సంగతి మాట్లాడదాం అన్నాను. ఇప్పుడు రెండో వారం నడుస్తోంది. రాత్రంతా ఒకటే కీచు కీచుమని నిద్ర లేదని మా అక్క రోజూ నాకు ఫోన్ చేసి తిడుతోంది.

ఇట్లు,
కువైట్ నుంచి తిరిగొచ్చిన ఓ డ్రైవర్,
ప్రొద్దుటూరు, కడప జిల్లా