అమ్మణ్ణికి నాయన రాసేది

తిరుపతి,
కార్తీక మాసం

చిరంజీవి అమ్మణ్ణికి నాయన ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. వాన వదలడం లేదు. కపిలతీర్థంలో నీళ్ళు గట్టిగా దూకుతున్నాయి. సోమవారం స్నానానికి పోయి తీరాలని మీ అమ్మ, మోకాళ్ళ సంగతి చూసుకోమని నేను. జయత్త వాళ్ళు కొత్త ఇంటికి గడప పెట్టినారు. మునిరత్నం మామ బావి తగాదా ఇంకా తెగలేదు, తెగదు కూడా. నువ్వు ఫోన్ చేసి చాన్నాళ్ళయింది. పని ఒత్తిడి అని మీ అమ్మకు నేనే సర్దిచెప్తున్నా.

మొన్న చందూ వచ్చినాడు. కాఫీ తాగతా తాగతా, "పెదనాయనా, మన ఊర్లో డ్రై ఐస్ యాడ దొరకతాది?" అన్నాడు. ఎందుకురా అంటే నసిగినాడు. ఇంకోసారి అడిగేసరికి, అక్క డిసెంబర్లో వస్తా ఉంది, పీలేరు పక్క రెండు మూడు ఇండ్లకు పోవాలంట, మీకు చెప్పొద్దనింది అని మొత్తం కక్కేసినాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ వాడికే చెప్పినావు. సరే, నేనేమీ అడగను. న్యూకాసిల్‌లో కండరాల జన్యు జబ్బులు చూసే అంత పెద్ద సెంటర్లో పని చేస్తున్నావు, నీకు తెలియనిదా.

అయినా రక్తానికి డ్రై ఐస్, అదే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, ఎందుకమ్మా? రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ఉన్న ఊదా మూత ట్యూబులో తీసి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తల్లకిందులు చేసి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెడితే కొన్ని రోజులు డీఎన్ఏకు ఢోకా లేదు. పచ్చ మూత ట్యూబు మాత్రం ముట్టుకోవద్దు, అందులోని హెపారిన్, డీఎన్ఏ నకళ్ళు తీసే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఇక్కడే డీఎన్ఏ విడదీసుకుంటే ఏ చల్లదనమూ అక్కర్లేకుండా కొరియర్‌లో పోతుంది. కాబట్టి నువ్వు అడిగించింది రక్తం కోసం కాదు, కండ ముక్క కోసం.

ఎందుకు కావాలో కూడా ఊహించగలను. ఎక్సోమ్, అదే జన్యువుల్లో ప్రొటీన్ తయారుచేసే భాగాలన్నీ చదివే పరీక్ష, చేసినా జవాబు దొరకని కుటుంబాలయి ఉంటాయి. కండలో పనిచేసే జన్యువుల ఆర్ఎన్ఏ, అంటే జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే నకలు, చాలావరకు రక్తంలో కనబడదు. 2017లో అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇతర దేశాల వాళ్ళతో కలిసి, అప్పటిదాకా తేలని కేసుల కండ ఆర్ఎన్ఏ చదివితే 35 శాతం మందికి కారణం దొరికింది. వాళ్ళలో కొందరికి కొలాజెన్ 6 జన్యువులో, ఎక్సోమ్ చూడని ఇంట్రాన్ (ప్రొటీన్‌లోకి రాని మధ్య భాగం) లోపల, ఒక్క అక్షరం మార్పు. అది తెలిసినాక, ఏళ్ళ తరబడి తేలకుండా పడి ఉన్న ఎందరి ఫైళ్ళలోనో అదే మార్పు బయటపడింది. మంచి పని. కాదనేంత మొండివాణ్ణి కాను.

ఇదంతా పక్కన పెట్టు. నిన్న వాన పుణ్యమా అని ఇంట్లోనే కూర్చుని జీఎన్ఈ మయోపతి అనే కండరాల జన్యు జబ్బు గురించి మళ్ళీ చదివినా. 1981లో జపాన్‌లో నోనాకా ఒక జబ్బు వర్ణించినాడు, అది పాదం ముందుభాగం లేవకపోవడంతో మొదలవుతుంది. 1984లో ఇజ్రాయెల్‌లో అర్గోవ్, యారోమ్ ఇంకొకటి వర్ణించినారు, అందులో తొడ ముందు కండ మాత్రం చెడకుండా మిగులుతుంది. 2001లో జెరూసలేం వాళ్ళు జన్యువును పట్టుకున్నాకే రెండూ ఒకటేనని గట్టిగా తేలింది. మన దేశంలోనూ ఉంది. ఇక్కడ ఎక్కువగా దొరికే మార్పు పాత లెక్కలో 696వ స్థానం, కొత్త లెక్కలో 727. మార్పు అదే, కొత్త లెక్కలో ప్రొటీన్‌కు ముందు 31 అమైనో ఆమ్లాలు కలిసినాయంతే. ఒక ల్యాబు పాత నంబరు, ఇంకో ల్యాబు కొత్త నంబరు రాస్తే ఒకే మార్పు రెండుగా లెక్కకొస్తుంది. ఏ ప్రతిని బట్టి లెక్కపెట్టినారో చెప్పే రిఫరెన్స్ ట్రాన్స్‌క్రిప్ట్ నంబరు లేని రిపోర్టును నువ్వు ఒప్పుకోకూడదు. అన్నట్టు, ఇంత కథలో ఎవరైనా సూట్‌కేసులో ముక్కలు మోసినట్టు నేనెక్కడా చదవలేదు.

డ్రై ఐస్ లెక్క నువ్వే వేసుకో. ప్రయాణికులకు ఒప్పుకునేది మనిషికి రెండున్నర కిలోలు, అదీ ఎయిర్‌లైన్ ముందుగా సరేనంటే, పెట్టెలోంచి గ్యాసు బయటికి పోయే దారి ఉంటే. మూత బిగించి టేపు చుట్టేస్తే పెట్టె పగులుతుంది. థర్మాకోల్ పెట్టెలో రోజుకు రెండు నుంచి నాలుగున్నర కిలోల దాకా ఆవిరైపోతుంది. పీలేరు నుంచి చెన్నై, అక్కడ మూడు గంటలు ముందు, మధ్యలో దుబాయ్‌లో విమానం మార్పు. మీ ఊరు చేరేసరికి పెట్టెలో పొగ కూడా మిగలదు. ముక్క కరిగి మళ్ళీ గడ్డకట్టిందంటే కణాల్లో మంచు పలుకులు లేచి మైక్రోస్కోపు కింద అన్నీ బొక్కలే, ఆర్ఎన్ఏ తునకలు తునకలు. అప్పుడేం చేస్తావు? పిల్లాడి తొడ మళ్ళీ కోస్తావా?

అసలు పీలేరులో ముక్కను గడ్డకట్టించేదెవరు? ఐసోపెంటేన్ అనే ద్రవం ఉన్న గిన్నెను ద్రవ నైట్రోజన్‌లోకి దించి, అడుగున తెల్లగా గడ్డకట్టడం మొదలయ్యేదాకా కాచుకోవాలి. అప్పుడది మైనస్ 150, 160 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందులో పదిహేను ఇరవై సెకన్లు. తొందరపడి నేరుగా నైట్రోజన్‌లో పడేస్తే ముక్క చుట్టూ ఆవిరి పొర కట్టి, చలి నిదానంగా ఎక్కి, మళ్ళీ అవే బొక్కలు. ముక్కను చుట్టే గాజుగుడ్డ సెలైన్‌లో తడిపి గట్టిగా పిండాలి, నీళ్ళు కారుతుంటే ఆ నీళ్ళే మంచవుతాయి. కండ విద్యుత్తును చూసే ఈఎంజీ పరీక్ష సూది గుచ్చిన కండను నెలరోజులన్నా వదిలెయ్యాలి. పూర్తిగా కొవ్వైపోయిన కండలో చూడడానికేమీ ఉండదు, కాస్త బలహీనపడినదాన్ని ఎంచుకోవాలి. ఇదంతా బెంగుళూరు నిమ్హాన్స్‌లోనో వెల్లూరు సీఎంసీలోనో జరగాల్సిన పని. అక్కడే తీసి, అక్కడే మైనస్ 80లో దాచి, వీలైతే ఆర్ఎన్ఏ కూడా ఇక్కడే చదివించి, డేటా మీకు పంపిస్తే మీ వాళ్ళకు తక్కువేం పడుతుంది?

నీకు గోవిందమ్మ గుర్తుందా, మునెమ్మవ్వ వాళ్ళ ఊరి ఆమె? పెద్దపిల్లాడు నడుస్తా నడుస్తా పడిపోతా ఉంటే ముందు పుత్తూరు కట్టుకు తీసుకుపోయినారు. ఎముక ఏమీ విరగలేదని వాళ్ళే వెనక్కి పంపినారు. తర్వాత ఎవరో రక్తపరీక్ష చేయిస్తే ఎస్‌జీపీటీ ఎక్కువ. ఇంకేముంది, కామెర్లన్నారు. పసరు పోయించి, ఉప్పూ నూనే లేని పథ్యం పెట్టినారు. ఆ ఎంజైము కాలేయం నుంచే కాదు, కండ చెడినా పెరుగుతుందని ఎవరికీ తట్టలేదు. కండ చెడితే రక్తంలో పెరిగే సీకే చూస్తే పది వేలు దాటింది. పిక్కలు ఉబ్బి ఉన్నాయి, మగపిల్లాడు, కాబట్టి మగపిల్లలకు వచ్చే డుషేన్ కండర క్షీణత అని తేల్చేసినారు. ఎంఎల్‌పీఏలో (జన్యువులో భాగాలు పోయినాయా, రెట్టింపైనాయా అని చూసే పరీక్ష) ఆ జబ్బు జన్యువు 79 ఎక్సాన్లూ, అంటే భాగాలన్నీ, సరిగ్గానే ఉన్నాయి. అయినా కొన్ని కేసుల్లో చిన్న మార్పులుండి అందులో పట్టుబడవు కదా, డుషేనే అనుకున్నారు. తల్లి నుంచి కొడుక్కు వచ్చే జబ్బని ఎవరో అన్న ఒక్క మాట పట్టుకుని అత్త ఆమెను ఎన్నేళ్ళు సాధించిందో. ఆ అత్త ఎవరు? గోవిందమ్మకు సొంత మేనత్తే.

అప్పట్లో ఒక బృందం వచ్చి ఇంటిల్లిపాదికీ రక్తం తీసుకుని, సంతకాలు పెట్టించుకుని పోయింది. రిపోర్టు వస్తుందన్నారు. ఆమె ఫోన్ చేస్తానే ఉండింది, అవతల నంబరు మారిపోయింది. తర్వాత ఆడపిల్ల కూడా మోకాళ్ళ మీద చేతులాన్చి లేవడం మొదలుపెట్టింది. అప్పుడు వెల్లూరులో ముక్క తీస్తే డుషేన్‌లో లేకుండా పోయే డిస్ట్రోఫిన్ ప్రొటీన్ ఉంది, దాని పక్కనుండే సార్కోగ్లైకాన్ అనే నాలుగు ప్రొటీన్ల గుంపు లేదు. ఆ నాలుగు ప్రొటీన్లలో ఒకటి లేకపోతే మిగతావీ నిలబడవు, అందుకని జన్యువు దాకా పోయినారు. చెడింది గామా సార్కోగ్లైకాన్ జన్యువు. చెడిన ప్రతి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మేనరికం కాబట్టి లెక్క వేస్తే ఆ లోపం గోవిందమ్మ నాయనలోనూ, ఆయన చెల్లెలైన ఆ అత్తలోనూ ఉండి ఉండాలి. డాక్టరు బొమ్మ గీసి చెప్తే గోవిందమ్మ ఒక్కటే అడిగింది: "అయితే నా ఒక్కదాని వల్ల కాదు కద సామీ?" ఆ రిపోర్టును లామినేషన్ చేయించి, అత్త కూర్చునే చోట టీవీ పక్కన పెట్టింది.

తర్వాత తెలిసిందేమంటే, మొదటి బృందం దగ్గర ఈ జవాబు ఎప్పుడో తేలి ఉంది. ట్యూబు మీద పేరు లేదు, నంబరే. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం ఊర్లు తిరిగిన పిల్లాడి దగ్గర ఉండింది, వాడు ఉద్యోగం మానేసినాడు. అందుకే చెప్తున్నా, ఆ జాబితా ఇక్కడి ఆసుపత్రిలో, ఇక్కడి డాక్టరు బాధ్యతలో, తాళం కింద ఉండాలి. నీ ల్యాప్‌టాప్‌లో కాదు.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే కూర్చున్నా. కానీ కాగితాల సంగతి చెప్పకుండా ఎట్లా? ఇక్కడి సంస్థ ఎథిక్స్ కమిటీ ముందు. ఆ తర్వాత ఐసీఎంఆర్ దగ్గరుండే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ, విదేశీ భాగస్వామి ఉన్న పరిశోధన దాన్ని దాటాల్సిందే. రెండు సంస్థల మధ్య మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంటు. అందులో ఎంత ముక్క పోతుంది, ఏ పరీక్షకు, ఇక్కడ ఎందుకు చెయ్యలేరు, మిగిలింది తిరిగి వస్తుందా పారేస్తారా అన్నీ రాయాలి. దీనికి నెలలు పడతాయి, డిసెంబరు ఎంతో దూరం లేదు. మీ ఊరి నుంచే 2007లో మొదలైన ట్రీట్-ఎన్ఎండీ అనే కండర జబ్బుల నెట్‌వర్క్ రిజిస్ట్రీలు (రోగుల జాబితాలు) ఇన్ని దేశాల్లో నడిచేది ఎక్కడి వివరాలు అక్కడి వాళ్ళు చూసుకోబట్టే. 2019లో లండన్ యూసీఎల్ యూనివర్సిటీ వాళ్ళు మొదలుపెట్టిన కండర జబ్బుల కేంద్రంలో కూడా ఇండియా, జాంబియా, బ్రెజిల్ లాంటి చోట్ల అక్కడి డాక్టర్లకే శిక్షణ ఇచ్చినారు. నీకు ఇవన్నీ నాకంటే ఎక్కువ తెలుసు, అందుకే నువ్వు చందూ చేత అడిగించడం నాకు మింగుడుపడటం లేదు.

ఆ ఇండ్లకు పోవద్దని నేననను. ముక్క ఊసెత్తకుండా పో. వంశవృక్షం రాసుకో, దగ్గరి చుట్టరికం అని ఊరుకోకుండా మేనమామా, మేనత్త కొడుకా, అక్క కూతురా అని విడివిడిగా అడుగు. పిల్లల్ని నేల మీద నుంచి లేపి సెకన్లు లెక్కపెట్టు. ఒప్పుకుంటే మొహం కనబడకుండా వీడియో తియ్యి. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లకు, రేపు పెళ్ళికి పనికొస్తుంది, క్యారియర్ టెస్టు (జబ్బు లేకపోయినా లోపం మోస్తోందేమో చూసేది) చెయ్యమని పెద్దవాళ్ళు బతిమాలుతారు, చెయ్యొద్దు, ఆ పిల్ల పెద్దదై తనే అడగాలి. ఆడవాళ్ళ రిపోర్టు అత్తగారి ముందు విప్పొద్దు. మత్తు ఇవ్వాల్సొస్తే కండల్ని సడలించే మందు సక్సినైల్‌కోలిన్ వాడకూడదని తెలుగులో రాసి ప్రతి ఇంట్లో ఒక కార్డు ఇచ్చి రా, పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోతుంది. స్టెరాయిడ్ వేసుకునే పిల్లలుంటే ఉన్నట్టుండి ఆపొద్దని కూడా అందులోనే రాయి.

టికెట్ కొనే ముందు నిమ్హాన్స్‌లో ఎవరితో మాట్లాడినావో, కమిటీ కాగితం ఎంతవరకు వచ్చిందో రెండు ముక్కలు రాసి పంపు. కాగితం లేకపోయినా సరే, ఊరికే ఇంటికి రా, పీలేరుకు నేనే తోడు వస్తా. అక్కడ నాలుగింటికే చీకటి పడుతుందంట కదా, విటమిన్ డి మాత్రలు అయిపోయినాయా ఉన్నాయా? పోయినసారి వీడియోలో బుగ్గలు పీక్కుపోయి కనబడినావు, ల్యాబులో మధ్యాహ్నం తిండి మానేస్తున్నావని మీ అమ్మ అనుమానం. తిరిగి పోయేటప్పుడు రాగిపిండి ఎంత కట్టాలని అడగమంటోంది. రెండు కిలోలు దాటితే నువ్వే మోసుకోవాలి.

నాయన