వరద గీతకి ముగ్గు అంచు: మన అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక నివేదిక (క్రోధి ఉగాది నుంచి విశ్వావసు ఉగాది వరకు)

సభ్యులందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు.

పోయిన ఉగాది రోజున, అంటే 2024 ఏప్రిల్ 9న, మేడ మీద పచ్చడి తింటూ మనం ఒక తీర్మానం చేసుకున్నాం. బీరువాలో మడతల మధ్య ఉండిపోయే రంగులు పండగలకే కాకుండా మామూలు రోజుల్లో కూడా కనపడాలి, నెలకి ఒక్కసారైనా చిన్నా పెద్దా కలిసి ఏదో ఒకటి చేత్తో చేయాలి అని. మినిట్స్ పుస్తకంలో రెండు లైన్లే రాశాను. ఏడాదంతా ఆ రెండు లైన్ల వెంటే నడిచాం. మధ్యలో సెప్టెంబరు వచ్చింది. విజయవాడ సింగ్ నగర్‌లో ఉంటున్న మనకి ఆ నెల గురించి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ నివేదిక కాబట్టి రాయాలి.

ముందు వేసవి సంగతి. మే నెలలో పిల్లల్ని కొండపల్లి తీసుకెళ్ళాం. విజయవాడకి ఇంత దగ్గరలో ఉండి కూడా మనలో సగం మంది అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదని ఆ రోజే తెలిసింది. బొమ్మలు చేసేవాళ్ళు తెల్ల పొణికి చెక్క చేతికిస్తే బరువే తెలియలేదు, పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు. ఏనుగు ఒంటి చెక్కతో రాదు. తొండం, చెవులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కుతోనే అతుకులు కనపడకుండా నున్నగా దిద్దుతారు. తర్వాత సుద్ద పూత, ఆ పైన రంగు. మేం రంగు వేయని ఎడ్లబండ్లు కొనుక్కొచ్చి మేడ మీద పిల్లల ముందు పెట్టాం. ఒకటో అంతస్తు బాబు తన ఎద్దుకి ఊదా రంగు వేశాడు. ఎద్దు ఊదా రంగులో ఉంటుందా అని వాళ్ళ అక్క అడిగితే, "మా బండికి ఉంటుంది" అన్నాడు. ఆ ఎద్దు ఈ నివేదికలో మళ్ళీ వస్తుంది.

జూన్, జూలై, ఆగస్టు నెలల్లో పెద్దగా ఏమీ జరగలేదు. మెట్ల దగ్గర కుండీలకి రంగులు వేశాం, అంతే.

సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్ళు మన వీధిలోకి వచ్చాయి. కింది నాలుగు ఇళ్ళలో గుండె లోతు నీళ్ళు. కింది వాళ్ళందరూ పై అంతస్తులకి వచ్చేశారు. ఒక్కో ఇంట్లో రెండు మూడు కుటుంబాలు సర్దుకున్నాం. తాగే నీళ్ళు గ్లాసులతో కొలుచుకుని తాగిన ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను. ఒక్కటి మాత్రం రికార్డులో ఉండాలి. 7వ తేదీ వినాయక చవితి. కిందికి దిగే దారి లేదు, మట్టి ప్రతిమ లేదు, పత్రి లేదు. రెండో అంతస్తు మామ్మగారు పసుపు తడిపి ముద్ద చేసి వినాయకుణ్ణి చేశారు. బొజ్జకి ఒక మిరియం గింజ, కళ్ళకి రెండు ఆవగింజలు. బాల్కనీ కుండీల్లో దొరికిన తులసి, మందారాకులే పత్రి. కరెంటు లేని ఆ వరండాలో కొవ్వొత్తి వెలుగులో ఆ పసుపు రంగు ఎంత నిండుగా కనిపించిందో అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ చెబుతున్నారు. ఆ ఏడాది మన సంఘం చేసిన కార్యక్రమాల్లో ముందుగా చెప్పాల్సింది అదేనని నా అభిప్రాయం. దానికి రూపాయి ఖర్చు కాలేదు.

నీళ్ళు తీశాక బురద మిగిలింది. కింది ఇళ్ళ బీరువాల్లోంచి తీసిన చీరలు మేడ మీద తాళ్ళకి ఆరేశాం. ఒకదాని రంగు ఒకదానికి పాకిపోయింది. తెల్ల పంచెలకి గులాబీ మరకలు, ఆకుపచ్చ చీరలో నీలం మబ్బులు. కట్టుకోవడానికి పనికిరావు, పారేయడానికి మనసు రాదు. అందులో పెళ్ళి చీరలున్నాయి, పోయినవాళ్ళ చీరలున్నాయి. అప్పుడే బొంతల ఆలోచన వచ్చింది. మన అమ్మమ్మలు పాత చీరలు నాలుగు మడతలు పేర్చి బొంతలు కుట్టినవాళ్ళే. ఆ పని తెలిసినవాళ్ళు మన దగ్గర ముగ్గురే మిగిలారు. వాళ్ళే గురువులు. పాడైన చోట కత్తిరించి, బాగున్న ముక్కలు పైకి వచ్చేలా పరిచి, చుట్టూ కూర్చుని నాలుగు వైపుల నుంచీ టాకాలు వేసుకుంటూ మధ్యకి రావాలి. నాలుగు వైపులా నలుగురు కూర్చుంటే నాలుగు రకాల టాకాలు పడ్డాయి. విప్పి మళ్ళీ కుట్టాలని ఒకరన్నారు. మామ్మగారు ఒప్పుకోలేదు. "ఏ వైపు ఎవరు కుట్టారో చూడగానే తెలియాలి, అలాగే ఉంచండి" అన్నారు. పొందిక లేని పనిని అతుకుల బొంత అని తీసిపారేస్తాం. కుట్టి చూసినవాళ్ళెవరూ ఇక ఆ మాట అలా వాడలేరు. డిసెంబరు నాటికి పదకొండు బొంతలు పూర్తయ్యాయి. కింది నాలుగు ఇళ్ళకీ ముందు ఇచ్చాం.

ఆ బట్టల్లో ఒక వింత చూశాం. బురదలో వారం రోజులు నానిన ఒక పెడన కలంకారీ దుప్పటి, ఉతికితే రంగు చెక్కుచెదరకుండా వచ్చింది. పోయిన ఏడాది షాపులో కొన్న చీరలు వెలిసిపోతే, పదిహేనేళ్ళ నాటి ఈ దుప్పటికి ఏమీ కాలేదేం? ఆ ప్రశ్న మాకు నిద్ర పట్టనివ్వలేదు. దాని కోసమే ఫిబ్రవరిలో పెడన వెళ్ళాం. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను.

పెడన మచిలీపట్నం పక్కనే. అక్కడ బట్టకి ముందు గంజి వదిలేలా ఉతికి, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తారు. బట్ట లేత పసుపు రంగుకి వస్తుంది. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి కసిం తయారు చేస్తారు. కరక్కాయ పట్టిన బట్ట మీద కసిం పడితే నలుపు తేలుతుంది. మా ముందే ఒకాయన టేకు అచ్చు దానిలో అద్ది బట్ట మీద ఒత్తారు. పలచగా పడిన గీత మేం చూస్తుండగానే నల్లబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కరక్కాయలో ఉన్న వగరు, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. ఎరుపు సంగతి ఇంకా బాగుంటుంది. ఎరుపు కావాల్సిన చోట ముందు పటిక అద్దుతారు. తర్వాత బట్టంతా ఎర్ర రంగు నీళ్ళలో ఉడకబెడితే పటిక ఉన్న చోటే రంగు నిలుస్తుంది, మిగతా చోట కాలువలో ఉతికితే పోతుంది. పటిక రంగునీ నూలునీ కలిపి పట్టుకుంటుంది. ఎన్నిసార్లో ఉడికి, ఎన్నిసార్లో పారే నీళ్ళలో ఉతుకు పడ్డాకే ఆ బట్ట మన చేతికి వస్తుంది. మన దుప్పటి బుడమేరు నీళ్ళని తట్టుకుందంటే అందుకే. ఆ రోజు పన్నెండు మంది తలా ఒక జేబురుమాలు సైజు బట్ట మీద అచ్చులు వేసుకున్నారు. మన బిల్డింగు మాస్టారు వేసిన నెమలి తలకిందులైంది. అది అలాగే ఆయన తెల్ల చొక్కా జేబు మీద కుట్టించుకుని రోజూ వాకింగ్‌కి వెళుతున్నారు.

మళ్ళీ దసరాకి వెనక్కి వెళతాను, ఎందుకంటే దాని గురించి తప్పక మాట్లాడాలి. అక్టోబరు 3 నుంచి నవరాత్రులు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి రోజుకో అలంకారం, రోజుకో రంగు చీర. కింది ఇళ్ళవాళ్ళకి కట్టుకోవడానికి సరైన బట్టలే లేవు. అందుకని వాచ్‌మన్ గది పక్కన ఖాళీగా ఉన్న అలమరని చీరల అలమరగా మార్చాం. ఎవరైనా పెట్టవచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు, రాసుకునేది లేదు, అడిగేది లేదు. మూడో రోజున కింది ఇంటి పెద్దావిడ ఎర్ర అంచు ఉన్న పసుపు చీర తీసుకున్నారు. బాబాయిగారు పోయాక పన్నెండేళ్ళుగా ఆవిడ లేత బూడిద, లేత గోధుమ రంగులే కట్టేవారు. ఆ చీర కట్టుకుని మెట్లు దిగుతుంటే ఎవరో "ఈ వయసులో, పైగా..." అన్నారు. ఆవిడ వెనక్కి వెళ్ళి చీర మార్చుకున్నారు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటోంది. మర్నాడే ఆడవాళ్ళం అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. వయసుకి తగ్గ రంగు, పరిస్థితికి తగ్గ రంగు అనే మాటలు మన మెట్ల మీద వినపడకూడదని అనుకున్నాం. చామనఛాయ పిల్లతో "నీకు ఆ రంగు నప్పదు" అనే మాట కూడా. ఎంతమంది ఆడపిల్లలు ఆ ఒక్క మాట విని ఇష్టమైన రంగుని ఏళ్ళ తరబడి దూరం పెట్టారో ఆ రోజు చేతులెత్తమంటే తెలిసింది. నేనూ ఎత్తాను. ఆరెంజ్ రంగు గౌను కావాలని ఏడ్చిన నా ఎనిమిదో ఏడు నాకు గుర్తుంది. దశమి రోజున మేం పదిమందిమి పసుపు చీరలే కట్టుకుని పెద్దావిడ గుమ్మం ముందుకి వెళ్ళాం. ఆవిడ తలుపు తీసి, చూసి, లోపలికి వెళ్ళి, ఎర్ర అంచు చీరలో బయటికి వచ్చారు. సంఘం తరఫున నేను అడిగేది ఒక్కటే. ఆ అలమర ఇప్పటికీ ఉంది, దాన్ని వాడండి. అందులోంచి ఎవరేం తీసుకున్నా ఏమీ అనకండి.

డిసెంబరు 16న ధనుర్మాసం మొదలైంది. నెల రోజులూ వంతులు వేసుకుని గేటు ముందు ముగ్గు వేశాం. చుక్కల ముగ్గులు, మెలికల ముగ్గులు తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి నేర్పారు. రంగులకి పసుపు, ఇటుక పొడి, ఎండిన గోరింటాకు పొడి వాడాం. పోటీ పెట్టలేదు, ప్రైజులు పెట్టలేదు. పోటీ పెడితే బాగా వచ్చినవాళ్ళే వేస్తారు, మిగతావాళ్ళు చూస్తూ నిలబడతారు. ఇద్దరు మగపిల్లలూ, ఇంటర్ చదివే ఒక అబ్బాయీ కూడా ముగ్గు వేశారు. పిండి వేళ్ళతోనే వదిలారు, చక్కగా వచ్చింది.

ఇక గోడ. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీత కింది అంతస్తు చుట్టూ గోధుమ రంగులో అంటుకుపోయింది. అక్టోబరులోనే దాన్ని చెరిపేయాలన్న తొందరలో ప్లాస్టిక్ పెయింట్ వేయించాం. అది మన కమిటీ తప్పు. గోడ లోపల తడి ఆరలేదు, నెల తిరక్కుండానే పెయింటు పొక్కులు లేచి రాలిపోయింది. ఆ డబ్బు వృథా అయింది. అనుభవం ఉన్న ఒక సున్నం మేస్త్రి వచ్చి చూసి, గోడని ఆరనివ్వండి, తర్వాత సున్నమే వేయండి, సున్నం లోపలి చెమ్మని బయటికి వదులుతుంది, ప్లాస్టిక్ పెయింటు మూసేస్తుంది అన్నారు. జనవరి దాకా ఆగాం. గోడ ఆరింది, గీత మాత్రం పోలేదు. ఏం చేయాలని మీటింగ్ పెడితే పిల్లలే దారి చూపించారు. చెరపడం ఎందుకు, దాన్ని అంచు చేద్దాం అన్నారు.

భోగికి ముందు ఆదివారం అందరం కలిసి పని మొదలుపెట్టాం. గీతకి పైనంతా సున్నం. కిందంతా జాజు, పల్లెటూరి అరుగులకి పూసే ఎర్రమట్టి రంగు. రెండూ కలిసే చోట, సరిగ్గా నీళ్ళు ఆగిన ఎత్తులో, భవనం చుట్టూ చీర అంచులా తెల్ల ముగ్గు. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో మూర వేశారు. ఒకచోట పద్మాలు, ఒకచోట రథం, ఒకచోట చేపలు, పాలబూత్ వైపున రెండు పడవలు. బయటివాళ్ళు ఇప్పుడు మన బిల్డింగుకి గుర్తుగా ఆ అంచునే చెబుతున్నారట. పిల్లలు మాత్రం దాని పక్కన నిలబడి ఎవరి ఎత్తు ఎంతో కొలుచుకుంటున్నారు.

సంక్రాంతి బొమ్మల కొలువులో ఊదా ఎద్దుని పై మెట్టు మీద పెట్టాం. వరదలో ఆ బాబు బండి నీళ్ళలో తేలుతూ మెట్ల దగ్గర దొరికింది. మక్కు నాని చక్రం ఒకటి, కొమ్ము ఒకటి ఊడాయి, రంగు సగం పోయింది. కొమ్ము మళ్ళీ అతికిద్దామంటే వాడు వద్దన్నాడు. ఆ చోట చిన్న పసుపు చుక్క పెట్టాడు.

మార్చి 14న హోలీ. మోదుగ పూలు నానబెట్టి కాచిన నీళ్ళే చల్లుకున్నాం. ఒకరి బంధువులు ఖమ్మం వైపు నుంచి పూలు పంపారు. రంగు బాగా వచ్చింది, కళ్ళు మండలేదు.

జమాఖర్చుల పత్రం విడిగా అందరికీ ఇచ్చాం. పెయింటు దండగ ఎంతో అందులో దాచకుండా చూపించాం.

వచ్చే ఏడాదికి మూడు పనులు అనుకుంటున్నాం. మెట్ల గోడల మీద ఒక్కో అంతస్తుకి ఒక్కో రంగు. రంగు ఏదనేది ఆ అంతస్తు వాళ్ళ ఇష్టం, కమిటీ జోక్యం చేసుకోదు. బొంతలు కుట్టడం ప్రతి రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి మేడ మీద. ముగ్గురు గురువుల్లో ఒకరికి చూపు మందగిస్తోంది, కాబట్టి ఎవరికి నేర్చుకోవాలని ఉన్నా ఆలస్యం చేయొద్దు. మూడోది, ప్రతి ఇంటి నుంచీ ఒక గుడ్డ ముక్క కావాలి. సంఘం గది కిటికీకి తెర కుట్టాలి. మరక పడినదైనా, చిరిగినదైనా ఫర్వాలేదు. ఏ రంగైనా ఫర్వాలేదు. ముక్క చుట్టి, దాని మీద మీ ఇంటి నంబరు రాసి చీరల అలమర కింది అరలో పెట్టండి.

ఇట్లు,
కార్యదర్శి