మలుపులో రోడ్డు ఎందుకు వాలి ఉంటుందంటే

చిన్నీ,

మొన్న ఫోన్లో "నాన్నా, ఆ మలుపు దగ్గర రోడ్డు ఒక పక్కకి ఒరిగిపోయింది, కాంట్రాక్టర్ సరిగ్గా వేయలేదేమో" అన్నావు. కాంట్రాక్టర్లని తిట్టడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి గానీ, ఇది మాత్రం కావాలనే అలా వేస్తారు. సైట్లో మేం దాన్ని సూపర్ ఎలివేషన్ అంటాం. మైదాన ప్రాంతాల్లో 7 శాతం దాకా ఇస్తారు. అంటే 7 మీటర్ల వెడల్పు రోడ్డుకి బయటి అంచు లోపలి అంచు కంటే 49 సెంటీమీటర్లు ఎత్తు. దాదాపు మోకాలెత్తు! కార్లో కూర్చుంటే అంత తేడా తెలియదు.

మలుపులో కూడా కారు తిన్నగా పోవాలనే చూస్తుంది. దాన్ని లోపలికి తిప్పే బలం కొంత ఆ వాలు ఇస్తుంది, మిగతాది టైర్ల పట్టే ఇవ్వాలి. లెక్క చిన్నదే. గంటకి ఎన్ని కిలోమీటర్లో దాన్ని వర్గం చేసి, 127తోనూ మలుపు వ్యాసార్థంతోనూ (మీటర్లలో) భాగించు. వచ్చేదే కారుని తిప్పడానికి ఎంత పట్టు కావాలో చెప్పే అంకె. (9.81ని 3.6 వర్గంతో గుణించి చూడు, ఆ 127 ఎక్కడిదో తెలుస్తుంది.) 200 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో 60 మీద వెళితే 0.14 వస్తుంది. వాలు 0.07 భరిస్తే, టైర్ల వంతు ఇంకో 0.07. డిజైన్లో టైరు పట్టుని 0.15 కంటే ఎక్కువ నమ్మం. అదే 80 మీద వెళితే 0.25. వాలు పెరగదుగా, టైర్ల వంతు 0.18కి పోతుంది. స్పీడు పెరిగింది మూడో వంతే, టైర్ల మీద భారం రెండున్నర రెట్లయింది. పొడి రోడ్డు, మంచి టైర్లు అయితే తట్టుకుంటాయి. వాన పడి, మలుపులో ఇసుక మేట వేసి, టైర్లు అరిగి ఉంటే చెప్పలేం.

ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా లేదు చూశావా? "మనది పెద్ద బండి, రోడ్డుని పట్టుకునే ఉంటుంది" అని మామయ్య చెబితే నవ్వి ఊరుకో.

వాలు ఇంకా పెంచొచ్చుగా అంటావేమో. అదే రోడ్డు మీద గడ్డి లారీ, చెరకు ట్రాక్టరు నెమ్మదిగా పోవాలి. మరీ వాలితే అవి లోపలి పక్కకి పడిపోతాయి.

బ్రేకు మాత్రం మలుపుకి ముందే వేసెయ్. ఉన్న కాస్త పట్టునీ బ్రేకూ, తిరగడమూ పంచుకోవాలి.

శ్రీశైలం ఘాట్లో నువ్వే నడుపుతానన్నావట, అమ్మ అప్పుడే టెన్షన్ పడుతోంది. ఘాట్ రోడ్ల హెయిర్‌పిన్ మలుపుకి (U లాగా వెనక్కి తిరిగేది) రూల్ ప్రకారం కనీస వ్యాసార్థం 14 మీటర్లు, డిజైన్ స్పీడు 20. వాలు 10 శాతం దాకా ఇవ్వొచ్చు. అక్కడ 40 మీద వెళితే టైర్ల వంతు ఎంతో లెక్క కట్టి నాకు మెసేజ్ పెట్టు. బయల్దేరే ముందు స్టెప్నీతో సహా గాలి చూపించు.

నాన్న