ఆ రాత్రి మా ఇంట్లో ఫ్యాను ఆపిన అక్కయ్యగారికి, మరికొందరికి కృతజ్ఞతలు

నిన్నటితో మా నాన్నగారి పెద్దకర్మ పూర్తయింది. ఇన్ని రోజులుగా ఇంటికి వచ్చి పలకరించినవారికి, ఫోను చేసి ధైర్యం చెప్పినవారికి విడివిడిగా నమస్కారాలు చెప్పుకుంటూనే ఉన్నాను. అయితే ఆయన పోయిన రాత్రి పదకొండున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర వరకు, ఆ నాలుగు గంటల్లో కొందరు చేసిన సాయం వేరు. వారే లేకపోతే, నాన్నగారు 2011లో సంతకం పెట్టిన నేత్రదాన పత్రం ఉత్త కాగితంగానే మిగిలిపోయేది. అందుకే వారికి నలుగురి ముందూ చెప్పవలసిన మాటలు ఇక్కడ రాస్తున్నాను. పేర్లు వేయవద్దని వారందరూ కోరారు కనుక వరసలతోనే ప్రస్తావిస్తాను.

నాన్నగారు తెనాలిలో నలభై ఏళ్లకు పైగా దర్జీగా పనిచేశారన్న సంగతి ఇది చదివేవారిలో చాలామందికి తెలుసు. ఆయన దుకాణంలో కాజాలు కుట్టే ఒకామె కోతల రోజుల్లో కూలికి వెళ్లేది. ఒక ఏడాది నూర్పిళ్లలో వడ్లగింజ ఎగిరి ఆమె కంటికి తగిలింది. ఎవరో పసరు పోశారు. కన్ను పుండైంది, మానిన తరువాత నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు మిగిలిపోయింది. వరి ఆకు కోసుకుపోయో, ఊక పడో కంటిలో ఫంగస్ చేరడం మన డెల్టా ఊళ్లలో కొత్త సంగతి కాదు. గడియారం మీది అద్దంలా కంటి ముందు భాగంలో ఉండే కార్నియా అంత దట్టంగా మచ్చబారితే, మందులు వేసినా అద్దాలు పెట్టినా చూపు తేటపడదు. చనిపోయినవారి కంటి నుంచి తీసిన కార్నియాను అమర్చడమే దారి అవుతుంది. ఆమె చాలా నెలలు ఎదురుచూసి ఆపరేషన్ చేయించుకుని, మళ్లీ దుకాణానికి వచ్చిన రోజున నాన్నగారు సూదీ దారం ఆమె చేతికే ఇచ్చి, మంచి కన్ను మూసుకుని ఎక్కించమన్నారట. మూడోసారికి ఎక్కింది. ఆ ఏడాదే, ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు జరిగే నేత్రదాన పక్షోత్సవాలలో ఊళ్లో శిబిరం పెడితే, ఆయన ఎవరికీ చెప్పకుండా వెళ్లి సంతకం చేసి వచ్చారు. వారిచ్చిన కార్డును కొలతల పుస్తకం అట్టలో దోపి, "నేను పోయిన రోజు ముందు ఈ పుస్తకం తెరవండి, ఏడుపులు తరవాత" అని మా అమ్మతో అనేవారు. మేము ఆ మాటను నవ్వుతూ కొట్టిపారేసేవాళ్లం.

మే నెలలో ఆ రాత్రి పదకొండు ఇరవైకి, గుండెలో నొప్పి అన్న పది నిమిషాలకే ఆయన పోయారు. అమ్మ కేకకు మొదట వచ్చింది ఎదురింటి అక్కయ్యగారు. ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. నాడి చూశారు, ఛాతీ మీద చేయి పెట్టి చూశారు, ఆ తరువాత నా భుజం మీద చేయి వేసి, "బాబూ, కొలతల పుస్తకం ఎక్కడుంది?" అని అడిగారు. నాకు తోచలేదు, ఆమెకు తోచింది. నేను పుస్తకం వెతుకుతుండగా ఆమె ఫ్యాను ఆపేశారు, నాన్నగారి రెప్పలు పూర్తిగా మూసి శుభ్రమైన నీటిలో తడిపిన దూదిని వాటి మీద ఉంచారు, తల కింద తలగడ పెట్టారు. మా ఇంట్లోది అణిగిపోయి పలకలా ఉందని, పరుగున వెళ్లి తన మంచం మీది తలగడ తెచ్చి దాని మీద వేశారు. ఫ్యాను గాలికి కార్నియా ఎండిపోతుందని, తల కాస్త ఎత్తులో ఉంటే కళ్లు తీసేటప్పుడు రక్తం కారదని ఆమె తరువాత చెప్పారు. మే నెల ఉక్క ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఇంటినిండా జనం, అందరికీ చెమటలు. ఎవరో అలవాటుగా స్విచ్చి వేశారు, ఆమె ఆపారు. మళ్లీ ఎవరో వేశారు. ఆ తరువాత ఆమె స్విచ్చుబోర్డుకు వీపు ఆనించి, దానం చేసిన కళ్లను సేకరించే నేత్రనిధి (ఐ బ్యాంకు) వారు వచ్చేదాకా అలాగే నిలబడ్డారు. ఆమెకు అరవై ఐదేళ్లు, మోకాళ్ల నొప్పులు.

కార్డు మీది నంబరు వాడుకలో లేదని ఫోను పలికింది. చనిపోయిన ఆరు గంటలలోపు కార్నియా సేకరించాలి. అప్పటికే గంట గడుస్తోంది. పక్కింట్లో ఇంటర్ చదువుతున్న కుర్రాడు తన ఫోనులో నంబర్లు వెతికి, రెండు మోగి ఆగిపోతే మూడోది పట్టుకుని, విజయవాడ నేత్రనిధి వారికి మా వీధి గుర్తులు తానే చెప్పాడు. నాకు అప్పుడు మా ఇంటి నంబరు కూడా నోటికి రాలేదు. మా కుటుంబ డాక్టరుగారు ఇంటి దుస్తుల్లోనే స్కూటరు మీద వచ్చి పరీక్షించి, మరణాన్ని, దాని కారణాన్ని కాగితం మీద రాసిచ్చారు. ఫీజు సంగతి ఎత్తితే కోప్పడ్డారు.

అన్నిటికంటే కష్టమైనది మా మేనత్తను ఒప్పించడం. తమ్ముడి కళ్లు తీస్తారంటే ఆవిడ వాకిట్లో అడ్డం కూర్చున్నారు. వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడన్నారు, నన్ను అనరాని మాటలు అన్నారు. ఆవిడను తప్పు పట్టను, ఎత్తుకుని పెంచిన తమ్ముడు. చట్టం ప్రకారం సంతకం చేయవలసింది దగ్గరి బంధువులం కాబట్టి అమ్మా నేనూ సరేనంటే చాలు, కానీ ఆవిడను తోసుకుంటూ పోయి చేయవలసిన పని కాదది. ఉదయం కార్యక్రమం గురించి మాట్లాడటానికి వచ్చిన పురోహితులుగారిని ఆవిడే పంచాయితీకి పిలిచారు. ఆయన కన్నప్ప కథ ఎత్తుకుంటారని నేను అనుకున్నాను, ఇలాంటి చోట్ల అందరూ చెప్పేది అదే కదా. ఆయన కథలేవీ చెప్పలేదు. "పోయినాయన ఏం కోరాడు?" అని అడిగి, కార్డు తెప్పించుకుని సంతకం చూసి, "పెద్దమ్మా, రేపు నేను చేయించే క్రతువు ఈయన కోరినది కాదు, మనం చేసేది. ఇది ఆయన కోరినది. ముందు ఇది కానివ్వండి" అన్నారు. మేనత్త లేచి దారి ఇచ్చారు. ఈలోగా దూరపు బంధువొకరు, కళ్లకు ఎంత ఇస్తారని నన్ను పక్కకు పిలిచి అడిగారు. కళ్లను అమ్మడం, కొనడం 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కింద నేరమని అప్పటికప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతున్నాను.

రెండుంబావుకు నేత్రనిధి నుంచి ఇద్దరు వచ్చారు. నిండా పాతికేళ్లు లేని టెక్నీషియన్ అమ్మాయి చెప్పులు వీధిలోనే విడిచి లోపలికి వచ్చి, మొదట నాన్నగారి పాదాలకు నమస్కరించింది. ఆ తరువాతే అమ్మతో మాట్లాడింది. జబ్బుల గురించి ఓపికగా అడిగింది. షుగరున్నా, కళ్లజోడున్నా, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయినా దానానికి అడ్డం కాదని, హెచ్‌ఐవీ, కామెర్లు కలిగించే హెపటైటిస్, రేబీస్ లాంటివి ఉంటే మాత్రం తీసుకోమని, అందుకే రక్తం నమూనా కూడా తీస్తామని చెప్పింది. ఇద్దరు సాక్షుల సంతకాలయ్యాక గది తలుపు దగ్గరగా వేశారు. ఇరవై నిమిషాలు పట్టింది. మొత్తం కన్ను కాదు, కార్నియాను మాత్రమే తీసుకున్నారు. నేను లోపలికి వెళ్లేసరికి ఆమె దూదితో ఆయన రెప్పల అంచులు తుడుస్తోంది. మధ్యాహ్నం భోజనం చేసి నడుము వాల్చినప్పుడు ఎలా ఉండేవారో అలాగే ఉన్నారు. మేనత్త వచ్చి వంగి ముఖం చూసి, ఏమీ అనకుండా ఆ అమ్మాయి తల నిమిరారు. చిన్న గాజుసీసాలు రెండింటిలో గులాబీ రంగు ద్రావణం, అందులో కార్నియాలు, వాటిని మంచుపెట్టెలో సర్దుకుని వారు మూడున్నరకు బయలుదేరారు. మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు.

వారం తరువాత నేత్రనిధి వారు ఫోను చేశారు. ఒక కార్నియాను చూపు కోసం ఒకరికి అమర్చారట. శుక్లం ఆపరేషన్ జరిగిన కంటిది మాత్రం, లోపలి పొరలో కణాలు తగినన్ని లేనందున, చూపు తెప్పించే మార్పిడికి సరిపోలేదని, అయితే మందులకు లొంగని పుండుతో కన్నే పోయే స్థితిలో ఉన్న ఒకరికి దాన్ని వేసి కన్ను నిలబెట్టారని చెప్పారు. అలా నిలబెట్టిన కంటికి తరువాత మళ్లీ మార్పిడి చేసి చూపు తెప్పించే వీలుంటుందట. ముందు కాస్త వెలితిగా అనిపించిన మాట నిజం. ఆ పుండు దేనివల్ల అని అడిగాను. పొలం పనిలో తగిలిన దెబ్బ అన్నారు. అంతకుమించి చెప్పరు, నేనూ అడగలేదు. మార్పిడిలో కార్నియాను వెంట్రుక కంటే సన్నని నైలాన్ దారంతో చుట్టూ కుడతారని కూడా అదే ఫోనులో తెలిసింది. నాన్నగారు వింటే, ఆ సూది ఒకసారి చూపించమని అడిగి ఉండేవారు.

డాక్టరుగారికి, పురోహితులుగారికి, పక్కింటి కుర్రాడికి, రాత్రికి రాత్రి వచ్చి వెళ్లిన ఆ ఇద్దరికి మా అమ్మ, నేను, మా కుటుంబమంతా చేతులెత్తి నమస్కరిస్తున్నాము. మేనత్తకు కూడా.

ఎదురింటి అక్కయ్యగారికి ఒక్క మాట. శవం తల కింద పెట్టిన తలగడ మన ఇళ్లలో మళ్లీ వాడరు, పక్కబట్టలతోపాటు ఇచ్చేస్తారు. ఆ సంగతి తెలిసే మీరు మీ తలగడ తెచ్చారు. దుకాణంలో నాన్నగారు దాచిన తెల్లటి పాప్లిన్ గుడ్డ రెండు మీటర్లుంటే, కాజాలు కుట్టే ఆవిడ ఆయన మిషను మీదనే గలీబు కుట్టి ఇచ్చింది. కొత్త దూదితో తలగడ తయారైంది. ఆదివారం ఉదయం అమ్మతో కలిసి తెస్తాను. కాదనకండి.