తొంభై అయిదు గళ్లలో నాలుగు ఎరుపు

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పిల్లల బ్రెయిన్ మ్యాపింగ్‌ను మెచ్చుకుంటూ వచ్చిన వ్యాసం చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. అలాంటి రిపోర్టు మా ఇంట్లోనే ఉంది. తొమ్మిదో తరగతి చదివే మనవడిని మా అమ్మాయి ఒక సెంటర్‌కు తీసుకెళ్లింది. తలకు టోపీ తొడిగి, పావుగంట ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల నమోదు) తీసి, రంగుల బొమ్మలు చేతికిచ్చారు. నాలుగు చోట్ల ఎరుపు. ఏకాగ్రత లోపం, ఎంపీసీ వద్దు అన్నారు. పిల్లవాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

నేను 31 ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని. రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను. టోపీలో తరంగాలను అందుకునే 19 ఎలక్ట్రోడ్లు, ఒక్కోదానికి నెమ్మదైన డెల్టా నుంచి వేగమైన గామా దాకా 5 రకాల తరంగాలు, వెరసి 95 పోలికలు, పోలికకో గడి. ఆ వయసు పిల్లల సగటుకు రెండు ప్రామాణిక విచలనాల (సగటు చుట్టూ విలువలు ఎంతగా చెదురుతాయో చెప్పే కొలత) అవతల పడితే ఎరుపు. ఏ లోపమూ లేని పిల్లవాడికైనా ఒక్కో గడిలో అలా పడే అవకాశం సుమారు 5 శాతం. అంటే నాలుగైదు గళ్లు ఊరికే ఎర్రబడతాయి! 20 చీటీల్లో ఒకదానికి ఎర్ర గుర్తు పెట్టి, తీసినదాన్ని మళ్లీ కలిపేస్తూ వాడిచేతే 95 సార్లు తీయించాను. ఆరుసార్లు ఎరుపొచ్చింది. అప్పటికి గాని వాడి ముఖం తేటపడలేదు.

పక్కపక్క ఎలక్ట్రోడ్లకు అందేది ఇంచుమించు ఒకే సంకేతం. అందుకే ఎరుపు గుంపుగా పడి, అక్కడేదో జబ్బున్నట్టు కనిపిస్తుంది. మావాడి ఎరుపుల్లో రెండు నుదుటి దగ్గర, డెల్టాలో ఉన్నాయి. కళ్లార్పితే లేచే పెద్ద అల పడేదీ అక్కడే. రికార్డులో కళ్లార్పిన ఆ ముక్కలు తీసేశారా అని సెంటర్‌కు ఫోన్ చేసి అడిగితే జవాబు లేదు.

ఇలాంటి పొరపాటు ఎంత దూరం పోతుందో చూపడానికి 2009లో పరిశోధకుడు క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను ఎంఆర్ఐలో పెట్టి మనుషుల ఫొటోలు చూపించింది. స్కాన్ బొమ్మలోని వేల చుక్కలను విడివిడిగా పరీక్షిస్తే చేప మెదడు స్పందించినట్టే వచ్చింది. ఎన్ని పరీక్షలు చేశారో లెక్కలో కలిపి సరిదిద్దగానే ఆ స్పందన పోయింది.

మూర్ఛ అనుమానంతో న్యూరాలజిస్టు రాసే ఈఈజీ సంగతి వేరు, అది చేయించాల్సిందే.

ప్రఖ్యాత స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారి పేరిట సెంట్రల్ యూనివర్సిటీలో సంస్థ ఉన్న ఊరు మనది. ఇలాంటి వ్యాసం వేసేముందు ఒక స్టాటిస్టీషియన్‌కు చూపించండి. ఎన్ని పోలికలు చేశారో, వారం తర్వాత మళ్లీ తీస్తే అవే గళ్లు ఎర్రబడతాయో లేదో సెంటర్ల వాళ్లను అడిగి, వాళ్ల జవాబులు కూడా అచ్చువేయండి.

ఇట్లు,
విశ్రాంత స్టాటిస్టిక్స్ లెక్చరర్,
నల్లకుంట, హైదరాబాద్